తాతయ్య వేటకత్తి: ఎర్ర తుప్పు తీశాను, నలుపు ఉంచాను

పాత కత్తి బాగుచెయ్యాలనుకున్నప్పుడు నేను పెట్టుకునే నియమం ఒకటే. ఉక్కు ఎంత తక్కువ అరిగితే అంత మంచిది. తుప్పు పట్టిన కత్తి చేతిలో పడగానే చాలామందికి ముందు గ్రైండరు గుర్తొస్తుంది. ఐదు నిమిషాల్లో అద్దంలా మెరిసిపోతుంది, కాదనను. కానీ ఆ మెరుపు కోసం పోయిన ఉక్కుని మళ్ళీ ఎవరూ తెచ్చి అతికించలేరు. కత్తి మీద ఉన్న ముద్ర పోతుంది, వెన్ను గీత పోతుంది, ఒక్కోసారి పదును పట్టే గుణమే పోతుంది. అందుకే ఈ కత్తి మా మావయ్య ఇంటి నుంచి నా దగ్గరకి వచ్చాక మొదటి వారమంతా దాన్ని చూడ్డం తప్ప ఏమీ చెయ్యలేదు.

కత్తి మా తాతయ్యది, అంటే అమ్మ నాన్నది. ఆయన చింతపల్లి అడవుల్లో ఫారెస్టు గార్డు. ఆ రోజుల్లో లైసెన్సు తీసుకుని వేటకొచ్చేవాళ్ళకి దారి చూపిస్తూ వెంట వెళ్ళేవారు. ఈ కత్తి ఎవరో దొర ఇచ్చి వెళ్ళాడని అమ్మ అంటుంది. అదేం కాదు, పాత సామాన్ల కొట్లో కొన్నదే అని మావయ్య పట్టుదల. ఏదైతేనేం, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక దానికి అడవిలో పని లేకుండా పోయింది. వంటింట్లోకి వచ్చింది. అమ్మమ్మ దాంతో పనసకాయలు కోసేది. పనస జిగురు అంటుకోకుండా ముందు చేతులకీ కత్తికీ నూనె రాసుకునేది కదా, కత్తి ఆ నూనె మీదే బతికింది. ఆవిడ పోయాక ఎవరో జాగ్రత్త అనుకుని దాన్ని తోలు ఒరలో దోపి ట్రంకుపెట్టెలో పెట్టారు. కత్తిని పాడుచేసింది అడవీ కాదు, వంటిల్లూ కాదు, ఆ ఒర. తోలు తేమని పీల్చి పట్టి ఉంచుతుంది, అందులో మిగిలిపోయిన రసాయనాలు ఉక్కుని తింటాయి. బ్లేడుకీ పిడికీ మధ్య అడ్డంగా ఉండే ఇత్తడి గార్డు మీద ఆకుపచ్చ చిలుము కూడా ఆ తోలు పుణ్యమే.

బ్లేడు 6 అంగుళాలు, వెడల్పు 30 మి.మీ., గార్డు దగ్గర వెన్ను మందం 4 మి.మీ. మొనవైపు పొట్ట తిరిగి ఉంటుంది. చర్మం ఒలవడానికి ఆ వంపు కావాలి. మడత పడని కత్తి, ఉక్కు ఒకే పట్టీగా పిడి చివరిదాకా వెళ్ళింది. పిడి లోపల ఉండే ఈ భాగాన్ని టాంగ్ అంటారు. గార్డుకి పక్కన, తుప్పు కింద, టార్చిలైటు ఏటవాలుగా వేస్తే కొన్ని అక్షరాలు తేలాయి. పైవరసలోని కంపెనీ పేరుని తుప్పు పూర్తిగా తినేసింది. కిందవరసలో షెఫీల్డ్ అని చదవగలిగాను. ఇంగ్లండులో కత్తులకి పేరుపడ్డ ఊరు అది. తుప్పు పట్టని ఉక్కుని 1913లో హ్యారీ బ్రియర్లీ తయారుచేసింది కూడా ఆ ఊళ్ళోనే. మన కత్తి మాత్రం ఆ జాతి కాదు. ఒక మూల కొంచెం శుభ్రం చేసి నిమ్మచెక్క అద్దాను, చూస్తుండగానే మచ్చ బూడిదరంగుకి తిరిగింది. మామూలు కార్బన్ ఉక్కు. నాకైతే చాలా సంతోషమైంది. రాయి మీద ఇంత హాయిగా పదునెక్కే ఉక్కు ఇంకొకటి లేదు.

ఇంకో మాట. ఆయుధాల నిబంధనల్లో, ఆయుధం కిందకి వచ్చే కత్తికి 9 అంగుళాలకన్నా పొడుగు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు అని కొలత ఉంది. ఇది దానికి లోపలే. అయినా ఇలాంటి కత్తిని సంచిలో వేసుకుని బజార్లో తిరగకూడదు. కమ్మరి దగ్గరకి తీసుకెళ్ళిన రోజున కూడా గుడ్డలో చుట్టి, తాడు కట్టి, బండి డిక్కీలో పెట్టి తీసుకెళ్ళాను.

ఆ కమ్మరి కొలిమి విశాఖలో కంచరపాలెం వైపు ఉంది. నాకన్నా పెద్దాయన. కత్తి చేతికివ్వగానే చిన్న ఆకురాయి తీసుకుని అంచు మీద ఒకసారి, వెన్ను మీద ఒకసారి లాగాడు. అంచు మీద ఆకురాయి పట్టు దొరక్క జారిపోయింది, వెన్ను మీద కొంచెం కరిచింది. జారిందంటే అక్కడ ఉక్కు గట్టిగా ఉన్నట్టు, ఆ గట్టిదనాన్నే ఆయన పదును అంటున్నాడు.

"సూసారా బాబూ, ఇక్కడ జారిపోతంది. పదును బతికే ఉంది. ఎవులు సేసారో గానీ మా బాగా సేసారు. నిప్పు దగ్గరకి మాత్రం తీసుకెళ్ళకండి."

"గ్రైండరు మీద?"

"అదీ నిప్పే కదేటి."

డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆయన చెప్పిన ఆ చివరి మాట కొంచెం విడమరిచి రాస్తాను, ఎందుకంటే ఇక్కడే మంచి కత్తులు చచ్చిపోతున్నాయి. ఉక్కుని ఎర్రగా కాల్చి నూనెలోనో నీళ్ళలోనో ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసెక్కుతుంది. ఆ పెళుసు తగ్గించడానికి మళ్ళీ 200 డిగ్రీల దగ్గర వేడిచేస్తారు. ఆ తర్వాత కత్తి ఎప్పుడు అంతకన్నా ఎక్కువ వేడెక్కినా మెత్తబడిపోతుంది. శుభ్రమైన ఉక్కు మీద ఆ వేడి రంగులో కనిపిస్తుంది. 220 దగ్గర లేత గడ్డిరంగు, 260 దగ్గర గోధుమరంగు, 300కి నీలం. అంచు దగ్గర ఉక్కు కాగితంలా పల్చగా ఉంటుంది కాబట్టి నీళ్ళు తగలని పొడి చక్రం మీద నీలం రావడానికి రెండు మూడు సెకన్లు చాలు. మా స్నేహితుడి నాన్నగారి కత్తి ఒకటి ఇలాగే ఒక షాపులో సాన పెట్టించుకొచ్చారు. అంచు పొడుగునా నీలి చార. ఇప్పుడు అది కొబ్బరితాడు నాలుగు కోతలు కోసేసరికి మొద్దుబారిపోతుంది. సైకిలు మీద సాన చక్రం తొక్కుకుంటూ వీధిలోకి వచ్చేవాళ్ళ దగ్గర వంటింటి కత్తులు నేనూ పెట్టిస్తాను, వాళ్ళ చెయ్యి చాలా తేలిక. ఇలాంటి పాత కత్తిని మాత్రం ఏ చక్రానికీ ఇవ్వను.

ఇక తుప్పు సంగతి. విశాఖలో తుప్పు గురించి మాట్లాడాలంటే ఉప్పుతో మొదలుపెట్టాలి. మా ఇల్లు పెదవాల్తేరులో, సముద్రం నడిచి వెళ్ళేంత దూరం. కిటికీ ఊచలకి ఏటా రంగెయ్యాల్సిందే. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు దానంతటదే నీరు కారడం మొదలుపెడుతుంది, మన ఊళ్ళో ఆ గీత దాటని రోజులు తక్కువ. కత్తి మీది గుంటల్లో ఒక్క రేణువు ఉప్పు మిగిలినా అది తేమని లాక్కుని అడుగునుంచి తినడం ఆపదు. పైన ఎంత రుద్ది ఎంత నూనె రాసినా పదిరోజుల్లో అదే చోట నారింజరంగు చుక్క లేస్తుంది. చాలామంది "ఎంత తీసినా మళ్ళీ వస్తోంది" అంటారే, కారణం అది. నేను ముప్పై ఏళ్ళకి పైగా ఓడల మరమ్మతులో ఫిట్టరుగా పనిచేశాను. ఓడ డాక్‌లోకి రాగానే పాత రంగు గీకకముందు ఒళ్ళంతా మంచినీళ్ళతో ఉతికేస్తారు. ఉప్పు పోకుండా రంగేస్తే ఆ రంగు పొక్కులు లేస్తుంది. ఓడకైనా కత్తికైనా ఇనుము ఇనుమే.

ముందు పిడి విప్పాను, దాని సంగతి తర్వాత చెప్తాను. బ్లేడుని ఒక రాత్రి కిరసనాయిల్లో నానబెట్టి, పొద్దున్న ఇత్తడి రేకు ముక్కతో పైపై పొలుసులు గీకాను. ఇత్తడి ఉక్కుకన్నా మెత్తన, తుప్పుని ఎత్తుతుంది గానీ గీతలు పడవు. ముద్ర ఉన్న చోట రేకు కూడా వాడలేదు. వెదురుపుల్ల చివర నలగ్గొట్టి, నూనెలో ముంచి, ఒక్కో అక్షరం చుట్టూ తిప్పాను. తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో జిడ్డంతా కడిగేశాను. జిడ్డుంటే నీళ్ళు గుంటల్లోకి దిగవు.

ఆ తర్వాత ఉడకబెట్టాను. కత్తిని ఉడకబెట్టడమేమిటని మా ఆవిడ అడిగింది. రెండు పనులు ఒకేసారి అవుతాయి. వేడినీళ్ళు గుంటల్లోని ఉప్పుని లాగేస్తాయి, ఉక్కుని పట్టుకుని ఉన్న ఎర్ర తుప్పు నెమ్మదిగా నల్లగా మారుతుంది. రెండూ ఇనుము, ఆక్సిజన్ కలిస్తే వచ్చేవే. కానీ ఎరుపు గుల్లగా ఉండి నీళ్ళు పట్టి ఉంచుతుంది, నలుపు గట్టిగా ఉక్కుని అంటిపెట్టుకుని కిందకి గాలి తగలకుండా కాస్తుంది. వెనకటి తుపాకీ గొట్టాలకి నల్లరంగు తెప్పించే పద్ధతి ఇదే. నీళ్ళు ఎంత మరిగినా 100 డిగ్రీలే కాబట్టి పదునుకి భయం లేదు. కుళాయి నీళ్ళు వద్దు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఆటోనగర్‌లో రెండు క్యాన్లు తెచ్చాను. కత్తిని గిన్నెకి తగలకుండా తీగతో వేలాడదీసి అరగంట మరిగించడం, నీళ్ళు పారబొయ్యడం, కొత్త నీళ్ళు పొయ్యడం. ప్రతిసారీ తీసి, ఆరాక, అన్నిటికన్నా సన్నరకం స్టీల్ ఊల్‌తో తేలిగ్గా తుడిస్తే పైనున్న పొడి రాలి కింద గట్టి నలుపు మిగులుతుంది. బలం వెయ్యకూడదు, బల్ల మీద పొడి తుడిచినంత తేలిగ్గా తుడవాలి.

ఉప్పు పోయిందో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన మంచి పరీక్ష ఒకటుంది. నూనె రాయకుండా కత్తిని సముద్రంవైపు బాల్కనీలో రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున్నకి గుంటల్లో నారింజ చుక్కలు కనిపిస్తే మళ్ళీ గిన్నెలోకి. చుక్కలు రాని పొద్దు వచ్చేదాకా చేశాను. గుంటలు అలాగే ఉన్నాయి. వాటిని చదును చెయ్యాలంటే చుట్టూ ఉన్న మంచి ఉక్కుని వాటి లోతుకి దించాలి, అది నేను చెయ్యను. అంచుకి తగిలే గుంట ఒక్కటీ లేకపోవడం అదృష్టం. ఇప్పుడు బ్లేడు బూడిద, నలుపు కలిసిన రంగులో ఉంది. వెలుగులో తిప్పితే మధ్యలో, అమ్మమ్మ నూనె ఎక్కువ తాకిన చోట, ఉక్కు పాత వెండిరంగులో కనిపిస్తుంది.

ఇత్తడి గార్డుకి చింతపండు గుజ్జు చాలింది. అయితే ఆ పులుపు ఉక్కు మీద పడితే కొరుకుతుంది, బ్లేడు మొదలుకి టేపు చుట్టి, పని అవగానే వంటసోడా నీళ్ళతో కడిగాను. మెరుగు పెట్టలేదు.

పిడి దగ్గర ఒక అనుమానం తీర్చుకోవాల్సి వచ్చింది. రెండు నల్లటి కొమ్ము పలకల్లో ఒకటి సగం విరిగింది, రెండోదాన్ని పురుగు తినేసింది. పాత వేటకత్తులకి సాంబర్ జింక కొమ్ము పిడి మామూలు, అదే అయితే చట్టం సంగతి చూసుకోవాలి. విరిగిన చోట భూతద్దంతో చూశాను. జింకజాతి కొమ్ము ఎముక లాంటిది, లోపల సన్నటి రంధ్రాలుంటాయి, పైన చెట్టుబెరడులా గరుకుగా ఉంటుంది. ఇది అట్టపొరల్లా విడిపోతోంది, రంధ్రాల్లేవు, నున్నగా ఉంది. గేదె కొమ్ము. మనసు కుదుటపడింది. పాత ఇత్తడి పిన్నుల తలలకి నడిమధ్య పంచ్‌తో గుర్తు కొట్టి డ్రిల్లు దించి పలకలు ఊడదీస్తే, టాంగ్ మీద తుప్పు పొరలు పొరలుగా లేచింది. కత్తి మొత్తంలో అన్నిటికన్నా పాడైన చోటు, బయటకి కనిపించని చోటు అదే. పిడి బాగానే ఉందని పైకి అనిపించినా ఏమాత్రం కదులుతున్నా విప్పి చూడమనే నేను అందరికీ చెప్తాను.

కొత్త పలకలకి పనసచెక్క పెట్టాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో మా పెరటి పనసచెట్టు వేళ్ళతో సహా లేచిపోయింది. ఆ రోజు ఊళ్ళో పడని చెట్టేది? మొద్దుని కోయించి పలకలు అటకెక్కించాను, ఇన్నేళ్ళలో ఎముకలా ఆరాయి. పనస చెదలకి లొంగదు, ఆరాక మెలిక తిరగదు. బొబ్బిలి వీణకి దాన్నే వాడతారు. కోసినప్పుడు పసుపు పచ్చగా ఉండి, గాలీ వెలుగూ తగిలేకొద్దీ తేనెరంగుకి, తర్వాత ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది. నాది ఇప్పుడు తేనెరంగు దగ్గర ఉంది.

పూర్ణామార్కెట్‌లో ఇత్తడి కడ్డీ దొరికింది. టాంగ్‌లో ఉన్న పాత రంధ్రాల్లోంచే పలకలకి డ్రిల్లు వేసి, ఆలస్యంగా గట్టిపడే రకం అరల్డైట్ జిగురు పూశాను. టాంగ్ రెండు పక్కలా ఖాళీ లేకుండా పూస్తేనే తేమకి లోపల చోటుండదు. క్లాంపు మరీ బిగించకూడదు, జిగురంతా బయటకొచ్చేసి చెక్కకీ ఉక్కుకీ మధ్య ఏమీ మిగలదు. మర్నాడు ఆకురాయితో ఆకారం తెచ్చి, 120 నుంచి 600 నంబరు దాకా (నంబరు పెరిగేకొద్దీ నున్నన) వాటర్ పేపర్ పట్టించాను. పాత పిడికన్నా కొంచెం లావుగా, మధ్యలో ఉబ్బుగా చేశాను. తడిచేతికి, జిడ్డుచేతికి అది జారదు. పైన అవిసె నూనె పల్చగా పూతమీద పూత. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకండి, ఆరుతూ వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేసి అప్పుడు పారెయ్యాలి.

ఇప్పుడు పదును. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, గంటలు గంటలు చెయ్యగలను.

రాయి ముందు చదునుగా ఉండాలి. వాడిన రాయి మధ్యలో పల్లంగా అరిగిపోతుంది, పల్లపు రాయి మీద ఎంత ఓపికగా నూరినా అంచుకి ఒకే వాలు రాదు. నా కార్బొరండం రాయిని నాపరాయి మీద ఇసుక, నీళ్ళు పోసి రుద్ది సమం చేసుకున్నాను. హార్డ్‌వేరు కొట్లో దొరికే రెండుపక్కల రాయే అది, ఒకవైపు గరుకు, ఒకవైపు మెత్తన. దాని తర్వాత 1000, 3000 నంబరు నీటిరాళ్ళు, అంటే నీళ్ళతో తడిపి నూరే రాళ్ళు. వేటకత్తికి అంతకన్నా నున్నన అక్కర్లేదు. మాంసం, తాడు, తోలు కొయ్యాలంటే అంచుకి కొంచెం కరుకు ఉండాలి.

వాలు ఒక్కో పక్కకి 20 డిగ్రీలు పెట్టుకున్నాను. కూరగాయల కత్తికి 15 చాలు గానీ, ఎముకకి తగిలే కత్తికి అంత పల్చటి అంచు నిలవదు. కోణమానిని అక్కర్లేదు. బ్లేడు వెడల్పు 30 మి.మీ. అయితే వెన్ను రాయి నుంచి ఇంచుమించు 10 మి.మీ. లేస్తే 20 డిగ్రీలు. పది మి.మీ. చెక్కముక్క ఒకటి పక్కన పెట్టుకుని మొదట్లో దాని మీద ఆనించి చూసుకుంటే కాసేపటికి చేతికే తెలిసిపోతుంది. అంచు పొడుగునా నల్ల మార్కరు గీసి రెండుసార్లు రాయి మీద లాగండి. ఇంకు ఎక్కడ చెరిగిందో చూస్తే రాయి ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. వెన్నువైపే చెరిగితే కత్తిని ఇంకొంచెం లేపాలి, అంచు చివరే చెరిగితే కొంచెం దించాలి.

పొట్ట వంపు దగ్గరే చాలామంది చేతులు తడబడతాయి. తిన్నటి భాగంలో లాగినట్టే లాగితే మొనకి వచ్చేసరికి అంచు రాయిని వదిలేస్తుంది. వంపు మొదలయ్యే చోటు నుంచి మోచెయ్యి నెమ్మదిగా లేపుతూ, పిడిని మీవైపు తిప్పుకుంటూ రావాలి. మొన రాయి చివర దాటి కిందకి జారకూడదు, జారితే గుండ్రబడిపోతుంది.

ఒక పక్క నూరుతూ ఉంటే అవతలి పక్కకి సన్నటి ఇనుప పొర తిరుగుతుంది. మేం షాపులో దాన్ని బర్ అనేవాళ్ళం. కంటికి కనపడదు. బొటనవేలిని వెన్ను నుంచి అంచువైపు, అడ్డంగా, బయటకి జారిస్తే చివర్లో సన్నగా గీరుకుంటుంది. దూది లాగి చూసినా పోచలు చిక్కుకుంటాయి. గార్డు దగ్గర నుంచి మొనదాకా ఎక్కడా తెగకుండా బర్ వచ్చిందంటే ఆ పక్క అంచు చివరిదాకా రాయి తగిలినట్టు. అప్పుడే రెండో పక్కకి తిప్పాలి. ఇరవైసార్లు ఇటు, ఇరవైసార్లు అటు అని లెక్కపెట్టుకుని నూరేవాళ్ళ కత్తులు అందుకే సగం పదునుతో ఆగిపోతాయి. లెక్క చేతిది, సాక్ష్యం అంచుది. ఈ కత్తికి మొదటి బర్ రావడానికి ఒక పూట పట్టింది. పొట్ట దగ్గర ఒక గంటు కూడా ఉంది, మి.మీ. లోతు కూడా ఉండదు. దాన్ని పూర్తిగా తీసెయ్యాలంటే అంచు మొత్తాన్ని అంత లోపలికి అరగదియ్యాలి. సగం తగ్గించి వదిలేశాను, ఇకమీదట నూరేకొద్దీ అదే పోతుంది.

రాయి మారిన ప్రతిసారీ బరువు తగ్గించాలి. 3000 రాయి మీద చివరి లాగుళ్ళకి కత్తి సొంత బరువు చాలు. బర్ అటూ ఇటూ పల్చబడుతూ ఉంటుంది, మిగిలింది తోలు మీద తీస్తాను. పాత బెల్టు లోపలి గరుకువైపు పైకి పెట్టి చెక్కకి మేకులు కొట్టి, ఆకుపచ్చ పాలిష్ సబ్బు రుద్దుకున్నాను. ఇక్కడ వెన్ను ముందు, అంచు వెనక. ఎదురు లాగితే తోలు తెగుతుంది. దినపత్రిక కాగితాన్ని గాల్లో పట్టుకుని మొదలు నుంచి మొనదాకా ఒకే గీతగా కోశాను, ఎక్కడా ఆగలేదు, చిరగలేదు. తర్వాత మాగిన టమాటా, ఆ తర్వాత పడవలవాళ్ళు వాడే మందపాటి నైలాను తాడు. తాడు కోశాక మళ్ళీ కాగితం కోసి చూశాను, అదే గీత. కమ్మరి చెప్పింది నిజమే, పదును బతికే ఉంది.

వాడుక మొదలైంది. వేసవిలో మావయ్య పంపిన పనసకాయ దీంతోనే కోశాం, నూనె రాసుకునే. వాడిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నూనె వేలితో పల్చగా. బీరువాలో పెట్టేటప్పుడు కుట్టుమిషను నూనె, తిండికి వాడబోతుంటే మందులషాపులో దొరికే లిక్విడ్ పారఫిన్. వానాకాలంలో వారానికోసారి తీసి చూస్తాను. విశాఖలో ఉండి కార్బన్ ఉక్కు కత్తి పెట్టుకుంటే ఆ మాత్రం పని ఉంటుంది.

ఒర ఒక్కటే మిగిలింది. పాతది కుట్లు ఊడి బిరుసెక్కిపోయింది, దాని మీద తాతయ్య గోటితో గీసుకున్నట్టున్న గుర్తులున్నాయి, పారెయ్యలేదు. బజార్లో దొరికే తోలు ఎక్కువగా క్రోమ్ లవణాలతో పదును చేసింది, ఉక్కు పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు. తంగేడు, తుమ్మ లాంటి చెట్టుబెరడుతో పదును చేసిన మందపాటి తోలు కోసం అడుగుతున్నాను. అది దొరికినా కత్తిని బయటకి తీసుకెళ్ళినప్పుడే ఒరలో పెడతాను. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నూనె గుడ్డలోనే ఉంటుంది. అలాంటి తోలు మన ఊళ్ళోగానీ విజయనగరంలోగానీ ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి, చదరపు అడుగు ముక్క చాలు.